శనక్కాయలు తిండి కాదు

"గ్యాసు ఉండాదమ్మా. లేపి పంపిస్తాండాం. కాసేపు నడిపించుకోని రా," అన్నాడు టెక్నీషియన్ తలుపు సగం తెరిచి. హాల్లో కూర్చున్నవాళ్లంతా నా వైపు చూశారు. ఆ గ్యాసేదో నా కడుపులోనే ఉన్నట్టు ముందు సిగ్గేసింది, వెంటనే ఒళ్లు మండింది.

గ్యాసున్నది మా ఆయన కడుపులో. ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్. అనంతపురంలో రేడియేషన్ ఇప్పిస్తున్నాం. మాది ఉరవకొండ దగ్గర పల్లె, రోజూ బస్సులో వచ్చి పోవడం. నేను ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆయన మెట్టచేను నమ్ముకున్న రైతు. నాకు సొంత మేనమామ కూడా. పెళ్లికి ముందు "మామా" అని పిలిచాను, పెళ్లయ్యాక కూడా అదే పిలుపు. మేనమామే కాబట్టి తిట్టేటప్పుడు కూడా వెనకాముందూ చూసుకోను. మా వైపు ఇదేమీ వింత కాదు.

ప్రోస్టేట్ అనేది మూత్రసంచి కింద ఇరుకు సందులో ఉండే చిన్న గ్రంథి. దాని వెనకాలే పెద్దపేగు చివరి భాగం ఆనుకుని ఉంటుంది. ఆ పేగులో గాలి చేరి ఉబ్బితే గ్రంథి చోటు మారుతుంది. కిరణాలు పడాల్సిన చోట పడక పేగు మీద పడతాయి. అందుకని రోజూ ముందు స్కాన్ తీసి చూస్తారు. మూత్రసంచి నిండుగా ఉండాలి, పేగు ఖాళీగా ఉండాలి. టెక్నీషియన్ ఒకసారి నన్ను పిలిచి కంప్యూటర్లో చూపించాడు. బూడిద రంగు బొమ్మ, మధ్యలో నల్లటి మచ్చ. ఆ మచ్చే గాలి అన్నాడు. అంత చిన్న మచ్చ కోసం యాభై కిలోమీటర్లు వచ్చినవాళ్లం ఉత్త చేతులతో తిరిగి పోవాలా అనిపించింది.

కడుపు నిండా నీళ్లు తాగించి, పడుకోబెట్టి, మళ్లీ లేపి "గాలి వదిలేసి రా పెద్దాయనా, ఒంటికి మాత్రం పోవద్దు" అంటారు. ఆయన వరండాలో పొట్ట పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు.

"గాలి వదలాలంట, నీళ్లు వదలకూడదంట. ఈ విద్య యాడ నేర్పిస్తారే?" అని నన్నడిగాడు ఒకరోజు. నవ్వు రాలేదు. వెనకాల ఇంకో ముగ్గురు పేషెంట్లు వాళ్ల వంతు కోసం వాచీలు చూసుకుంటున్నారు.

అసలు కడుపు చెడింది రేడియేషన్‌తో కాదు. అంతకు ముందే, ముక్క తీసి పరీక్ష చేసినప్పుడు చలిజ్వరం వచ్చింది. గట్టి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. జ్వరం పోయింది గానీ కడుపు అప్పటి నుంచి ఆయన మాట వినడం మానేసింది. దాని మీద రేడియేషన్. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఒకరోజు గాలి, ఒకరోజు నీళ్ల విరేచనాలు.

ఒకసారి తిరుగు ప్రయాణంలో, ఊరూ పేరూ లేని చోట బస్సు ఆపించాల్సి వచ్చింది. చెట్టు చాటుకు పోవాలంటే చెట్టుండాలి కదా. రోడ్డుకు రెండు పక్కలా ఎండిన శనక్కాయ చేలు, వాటి మీద కరెంటు కోసం నిలబెట్టిన గాలిమరలు. నడుము ఎత్తు కూడా లేని కంపచెట్టు ఒకటి కనబడితే దాని వెనక కూర్చున్నాడు. నేను కొంగు రెండు చేతులా చాపి బస్సుకు అడ్డంగా నిలబడ్డాను. మా వైపు వీచే గాలికి కొంగు నిలుస్తుందా? ఊళ్లో నలుగురికి పంచాయితీ చెప్పిన మనిషి ఆయన, అట్లా కూర్చోవాల్సొచ్చింది.

"అట్ల తిరగవే," అన్నాడు.

"తిరిగే ఉండా మామా."

బస్సు ఎక్కాక ఎవరూ నవ్వలేదు. దానికీ కోపమొచ్చింది నాకు. ఎవరైనా నవ్వి ఉంటే నాలుగు తిట్టి బరువు దించుకునేదాన్ని.

డాక్టరు చెప్పింది ఒకటే ముక్క: "పప్పులు తగ్గించండి, గ్యాసు పుట్టించేవి మానేయండి." మంచిది. కందిపప్పు మానేశాను. అలసందలు, అనపగింజలు మానేశాను. క్యాబేజీ ఇంటి గడప తొక్కనివ్వలేదు. పాలు ఆపాను. అప్పుడు గుంతకల్లు నుంచి మా పిన్ని ఫోన్. ఆయన సొంత అక్క, వరసకు నాకు పిన్నీ ఆమే, ఆడబిడ్డా ఆమే. ఏ రకంగా చూసినా తిరిగి మాట్లాడ్డానికి లేదు.

"పెరుగు ముట్టనీయొద్దు పాపా. సంగటి అసలొద్దు, బరువు. బ్రెడ్డు పెట్టు, ఇడ్లీ పెట్టు."

పెరుగు ఆపాను, సంగటి ఆపాను. మరుసటి వారం అదే నోటితో, "ఫోన్లో చూసినా పాపా, కడుపులో మంచి పురుగులు పెరిగే మాత్రలుండాయంట, తెప్పిచ్చుకో" అంది. నేను ఫోన్ మంచం మీదికి విసిరేశాను.

ఇన్ని ఆపినా గాలి ఆగలేదు. స్కాన్‌లో అదే నల్ల మచ్చ. చివరికి ఆస్పత్రివాళ్లే మమ్మల్ని డైటీషియన్ దగ్గరికి పంపారు. చిన్నపిల్ల, నా దగ్గర అ ఆ లు దిద్దుకున్న పిల్లల ఈడు. ఓపికగానే చెప్పింది. కడుపులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయట. ఆ మందనంతా కలిపి మైక్రోబయోమ్ అంటారట. మనం తిన్నది అవీ తింటాయి, తిని కొన్ని మేలు చేస్తాయి, కొన్ని గాలి పుట్టిస్తాయి. యాంటీబయాటిక్స్‌తో మంచివి చాలా పోయి ఉంటాయి, రేడియేషన్‌తో ఇంకొన్ని. అవి మళ్లీ కుదురుకుంటే పేగు త్వరగా కోలుకుంటుందని అనుకుంటున్నారట.

"అనుకుంటున్నారా, ఖాయమా?" అన్నాను.

"ఇంకా పరిశోధనలు జరుగుతాండాయమ్మా. గట్టిగా ఎవరూ చెప్పలేరు."

గట్టిగా చెప్పలేనిదాన్ని నా నెత్తిన ఎందుకు పెడతావు తల్లీ అని నోటిదాకా వచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ సూక్ష్మజీవులంటే రోగాలని, సబ్బుతో చేతులు కడుక్కోమని పిల్లల చెవులు మెలిపెట్టి చెప్పినదాన్ని. ఈ వయసులో వాటికి మేత వేసి సాకాలట.

"పెరుగు ఇస్తాండారా?" అంది.

"ఆపేశాను."

"సంగటి?"

"అదీ ఆపేశాను."

ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టింది. "ఆయన పేగుల్లో ఉండేటివి పుట్టినప్పటి నుంచి సంగటికీ మజ్జిగకీ అలవాటు పడినాయి కదమ్మా. ఉన్నపళంగా అన్నీ ఆపేస్తే ఎట్ల? పాలల్లో చేమిరి వేస్తే పెరుగయినట్టు, ఇది కూడా నిదానంగా జరిగే పని. కొంచెం పలుచటి మజ్జిగ, కొంచెం అంబలి, ఒంటికి పడుతుందా లేదా చూసుకుంటా పెంచండి. మాత్రలు మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు."

తర్వాత, పొద్దున లేచినప్పటి నుంచి నోట్లోకి పోయే ప్రతిదీ చెప్పమంది. పరీక్షలో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాను. కాఫీ సగం గ్లాసు, ఇడ్లీలు, చట్నీ, మధ్యాహ్నం మెత్తటి అన్నం, బీరకాయ కూర, సాయంత్రం బ్రెడ్డు. "ఇంకేమన్నా తింటావా తాతా?" అని ఆయన్నీ అడిగింది. "యాడమ్మా, ఈమె తిననిస్తే కదా" అన్నాడు. ఆ పిల్ల రెండుసార్లు చదువుకుని, "ఇంత గాలి రావాల్సిన తిండేమీ లేదే ఇందులో" అని నుదురు గోక్కుంది. నేను చేయాల్సిందంతా చేశానని అక్కడ సర్టిఫికెట్ దొరికినట్టయింది నాకు. గర్వంగానే బయటికొచ్చాను.

ఆ గర్వం ఊరు దాటే దాకానే నిలిచింది. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరి బయట గాలి ఊపందుకునేసరికి నా ఒళ్లో ఏదో వచ్చి పడింది. చూస్తే శనక్కాయ పొట్టు.

"మామా, ఏం తింటాండావు?"

"ఏమీ తినల్యా."

దవడలు ఆడుతున్నాయి.

"మరి నోట్లో ఏముండాది?"

"శెనక్కాయలు."

"తినల్యా అంటివే!"

"శెనక్కాయలు తినేదేందే?" అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి. ఆ ముఖంలో దొంగతనం లేదు. ఉంటే బాగుండేది. జేబులో చెయ్యి పెట్టి తీస్తే పిడికెడు వచ్చాయి, వేయించినవి కొన్ని, పచ్చివి కొన్ని. రెండో జేబులో ఇంకో పిడికెడు. పెళ్లినాటి నుంచి ఆ చెయ్యి జేబులోకి పోవడం, నోటికి రావడం చూస్తూనే ఉన్నాను. ఊపిరి తీసుకుంటుంటే ఎవరైనా లెక్కపెడతారా?

"పప్పులు ఆపినా, పాలు ఆపినా, నీ కడుపు కోసం నేనూ ఉత్త బ్రెడ్డు తింటాండా! నువ్వేమో బస్సెక్కినప్పటి నుంచి దిగేదాకా గానుగ ఆడిస్తాండావా!" అని అరిచాను. నా గొంతు స్కూలు గ్రౌండు చివరి దాకా వినబడే గొంతు. బస్సంతా తిరిగింది.

"ఏమైందమ్మా?" అన్నాడు కండక్టరు.

చెప్పాను. డాక్టరు గ్యాసు తిండి తినొద్దన్నాడని, ఈయన శనక్కాయలు తింటున్నాడని. న్యాయం చెప్పమన్నాను.

"శెనక్కాయలు తిండి ఎట్లయితాదమ్మా?" అన్నాడు కండక్టరు. "కూచోనుంటే నోట్లో వేసుకునేటివి."

వెనక సీట్లో ఒక పెద్దామె ముందుకు వంగింది. "ఒక్కపొద్దు నాడు నేను అవే తింటా. దేవుడే ఏమీ అనల్యా, డాక్టరేమంటాడు?"

"పచ్చివి వాతం మే, వేయించినవయితే ఏంగాదు," అన్నాడు ఇంకొకాయన. "పిత్తం" అన్నాడు ఆయన పక్కనున్నాయన. ఉరవకొండ దాకా అదే వాదం. చెబితే నమ్మరు, ఆ వాదించే వాళ్లలో సగం మంది శనక్కాయలు వలుచుకుంటూనే వాదించారు. నా తరఫున ఒక్కరు లేరు. మా ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, నోట్లో ఉన్నది నమలాలా ఉమ్మేయాలా తెలియక బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడ్డాక అసలు దెబ్బ తగిలింది. డైటీషియన్‌కు నేను చెప్పిన చట్నీ దేంతో చేసింది? శనక్కాయలతో. బీరకాయ కూరలో ఆఖరున చల్లింది? శనక్కాయల పొడి. చివరికి ఉత్త అన్నంలోకి కూడా "నోరు చచ్చిపోయిందే" అంటే ఒక చెంచా పొడి వేసి పెడుతున్నాను. పప్పులన్నీ ఆపానని ఎగిరిన నేను పూటపూటా గిన్నెలో పోస్తున్నదేమిటి? చదువుకున్నదాన్ని, పాఠాలు చెప్పినదాన్ని, నాకూ అది తిండిలా కనబడలేదు. ఎవరిని తిట్టాలో తెలియక పొడి డబ్బా తీసుకెళ్లి పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. "ఏమక్కా, విశేషం?" అని వాళ్లు సంతోషంగా పుచ్చుకున్నారు.

శనక్కాయలు ఆగిపోయాయి, నల్ల మచ్చ ఆగలేదు. మర్నాడు మళ్లీ లేపి పంపారు. ఆ మర్నాడూ అంతే, రేడియేషన్ పడకుండానే ఇంటికొచ్చాం.

"సూస్తివా? శెనక్కాయలది కాదు తప్పు. నా పరువు బస్సులో నలుగురి ముందర తీస్తివి," అన్నాడు. డైటీషియన్‌ను పట్టుకుని అడిగితే, కడుపు ఒక్క రోజులో మారదమ్మా, ఓపిక పట్టండి అంది. ఓపిక! ఆ మాట ఇంకొకసారి ఎవరైనా అంటే ఏం చేస్తానో నాకే తెలియదనిపించింది.

శుక్రవారం డాక్టరు పిలిచి కూర్చోబెట్టాడు. "రేడియేషన్ వరసగా పడాలమ్మా. ఇట్లా రోజులు పోతే ఇచ్చిన ట్రీట్‌మెంట్ బలం తగ్గుతుంది. సోమవారం కూడా ఇట్లనే ఉంటే ఆపేసి, మళ్లీ మొదటి నుంచి ప్లానింగ్ చేయాల్సొస్తుంది. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేను." మా ఆయన తల ఊపాడు. ఆపితే ఆ లోపల ఉన్నది ఊరుకుంటుందా అన్నది ఒక్కటే నా ప్రశ్న. దానికి జవాబు నాకూ తెలుసు.

ఆ సాయంత్రం నుంచి ఆయన తినడం మానేశాడు. కోపంతో కాదు. "ఏమీ తినకుంటే గాలి యాడనుంచి వస్తాది?" అని ఆయన లెక్క. శనివారం కాఫీ, నీళ్లు. కంచం పెడితే పక్కకు జరిపాడు. బెదిరించాను, బతిమాలాను. రేడియేషన్‌తో పాటు ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లకు ఆయనకు ఒళ్లంతా ఉన్నట్టుండి వేడెక్కి చెమటలు పడుతుంటాయి. ఖాళీ కడుపుతో ఆ చెమటల్లో ఆయన మొహం చూస్తే నాకు భయమేసింది. ఇన్నాళ్లూ తినొద్దు తినొద్దని వెంటబడ్డ నోటితో తినమని ఎట్లా అడగాలో తెలియలేదు. డైటీషియన్‌కు ఫోన్ చేశాను. ఆ పిల్ల ఈసారి గట్టిగానే అంది: "పస్తు పెడితే ఆ మంచి సూక్ష్మజీవులకు కూడా మేత ఉండదమ్మా. అప్పుడవి పేగు లోపలి పొరనే తింటాయి. మనిషీ నీరసిస్తాడు. రేపు పొద్దున్నే మొదలుపెట్టండి, కొంచెమైనా సరే."

ఆదివారం పొద్దున రాగిపిండి పలుచగా కాచి, చల్లార్చి, వడకట్టిన మజ్జిగ కలిపి, ఉప్పు వేసి గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టాను.

"వద్దే. గాలొస్తాది."

నా ఓపిక అక్కడ తెగింది. "రానీ! నువ్వు తినకుంటే గాలి రాదు, నిజమే. మనిషివీ మిగలవు. ఆ మిషన్ మీద ఎవర్ని పడుకోబెట్టమంటావు, నన్నా? గాలొస్తే వస్తాది, విరేచనాలైతే అయితాయి, బస్సు ఆపిచ్చుకుందాం. ఇంకో కంపచెట్టు వెతుక్కుందాం. కొంగు పట్టేదానికి నేను చచ్చిపోయినానా?"

"నీ కొంగు గాలికి ఎగిరిపాయ కదే ఆ పొద్దు. బస్సంతా చూసినారు," అన్నాడాయన.

"నాకు చెప్పలేదే!"

"చెప్తే ఆ బస్సోళ్లను బతకనిస్తావా?"

అని గ్లాసు తీసుకున్నాడు. గుక్క గుక్కకు ఆగి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, లోపలేం జరుగుతుందో వింటున్నట్టు కూర్చుంటూ తాగాడు. సగమే. మధ్యాహ్నం మిగతా సగం. రాత్రికి రెండు ముద్దలు మజ్జిగన్నం. ప్రతి ముద్దకూ నేను ఆయన మొహమే చూశాను. ఇంతకీ ఇదైనా మంచిదో కాదో నాకు తెలియదు, ఆ పిల్లకూ గట్టిగా తెలియదు. అందరూ అనుకుంటున్నవాళ్లే, మింగాల్సినవాడు ఆయన ఒక్కడు.

సోమవారం లోపలికి పంపి హాల్లో కూర్చున్నాను. రోజూ తలుపు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. తలుపు తొందరగా తెరుచుకుందంటే తిప్పి పంపుతున్నట్టు లెక్క. ఆ రోజు సరిగ్గా అప్పుడే మా పిన్ని ఫోన్ చేసింది. అంబలి తాగించానని తెలిసి, "నువ్వే చంపుతావు వాన్ని" అంది. ఆమె నాకు పిన్నో ఆడబిడ్డో మరిచిపోయి, కిటికీ దగ్గరికి పోయి, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఆమె మీద కుమ్మరించాను. ఎంతసేపు తిట్టానో తెలియదు. ఫోన్ పెట్టేసి తిరిగేసరికి ఆయన నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, పంచె సరిచేసుకుంటూ.

"మళ్లా లేపి పంపిరా?" అన్నాను. "ఏం తింటివి మళ్లా? పొద్దున గడప దాటేటప్పుడు ఏమన్నా నోట్లో వేసుకుంటివా? నిజం చెప్పు. ఆపేస్తామన్నారు గదా డాక్టరు, నీ చెవుల్లో పడలేదా? నేనెవరితో చెప్పుకోవాల? ఎవరి కాళ్లు పట్టుకోవాల?" హాలంతా వింటోంది. ఎవరో లేచి నాకు కుర్చీ జరిపారు. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. నా ఊపిరి అందక మాట ఆగినప్పుడు మాత్రం చిన్నగా అన్నాడు.

"అయిపోయినాదే. ఒకేసారికి. మచ్చ లేదంట."

నేను తలుపు వైపు చూశాను. టెక్నీషియన్ అప్పటికే తర్వాతి పేషెంటును లోపలికి పిలుస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు.

ఆయన నా పక్క కుర్చీలో కూర్చుని, పిల్లోడు అడిగినట్టు అడిగాడు:

"ఆకలైతాందే. తినేదానికేమన్నా తెచ్చినావా?"

ముక్క తీసినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట నేను వినలేదు. సంచిలోంచి మజ్జిగన్నం డబ్బా తీశాను గానీ మూత రాలేదు. ఆయనే తీసుకుని మూత తీసి తినడం మొదలుపెట్టాడు. నేను అంతమంది మధ్యలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చాను.